బొగ్గు ముక్క, ఇంజిన్ ఆయిలు, నేను "లేదు" అని రాసిన గడి

చిన్నీ తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కరెంటు బిల్లు సంగతి, మీ నాన్న మోకాలి నొప్పి సంగతి అన్నీ అయ్యాక ఇంక పెట్టేస్తుందనగా "బాబాయ్, చిన్నీ సైన్స్ ఫెయిర్‌కి కార్బన్ డేటింగ్ తీసుకుందంట, క్లాసులో అందరూ సోలార్ పొయ్యి, వాన నీళ్ళు అంటుంటే ఇదేమో బొగ్గు పట్టుకు కూర్చుంది" అంది. ఆ తర్వాత ఇంకో పావుగంట ఏదో మాట్లాడింది, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు నాకు. ఫోన్ పెట్టేసి మీ చిన్నమ్మమ్మని లేపి మరీ చెప్పా. ఆవిడ కళ్ళు తెరవకుండానే "మీ పిచ్చి దానికీ అంటుకుందా" అని అటు తిరిగి పడుకుంది.

గర్వం ఒక పది నిమిషాలుంది తల్లీ. ఆ తర్వాత భయం పట్టుకుంది, తెల్లవారుజాము నాలుగింటి దాకా నిద్ర లేదు. అందుకే ఇది టైప్ చేస్తున్నా. ఫోన్‌లో చెప్తే నువ్వు ఊఁ తాతా ఊఁ తాతా అంటావు, ఆ ఊఁలు నాకు తెలుసు.

ముందే చెప్తున్నా, నేను సైంటిస్టుని కాను, పురావస్తు తవ్వకాల్లో సైట్ అసిస్టెంట్‌గా చేరి గుంటల పక్కన గొడుగేసుకుని కూర్చుని రిటైరైన వాణ్ణి. కానీ బొగ్గు ఏరి, పొట్లం కట్టి, కార్బన్ డేటింగ్‌తో దాని వయసు తేల్చమని ల్యాబ్‌కి పంపి, జవాబు కోసం పోస్ట్‌మేన్ వైపు ఏడాదేసి ఎదురుచూసిన వాణ్ణి కూడా. కాబట్టి విను.

చార్టు తెల్లది కొను, అక్షరాలు పెద్దగా రాయి, మెరిసే కాగితాలు అతికించకు. మీ నాన్న చేత రాయించకు. ఇంక ఆ విషయం మీద నేను చెప్పేది లేదు.

అసలు విషయం. మీ అమ్మ చెప్పినదాంట్లో నన్ను నిద్ర లేకుండా చేసింది ఒకటుంది, మన ఊరి గుట్ట మీది రాతి వినాయకుడి ఫోటో పెట్టి "కార్బన్ డేటింగ్ చేస్తే రెండు వేల ఏళ్ళు" అని కింద రాస్తావంట. ఎవరు చెప్పారమ్మా నీకు? రాయి ఎప్పుడైనా అన్నం తిన్నదా? ఎప్పుడైనా చచ్చిపోయిందా? తిని, బతికి, చచ్చినదానికే ఈ లెక్క. చెక్క, బొగ్గు, గింజ, ఎముక, గుడ్డ, తాటాకు, తోలు, వెంట్రుక. రాయికి లేదు, రాగి నాణేనికి లేదు, కుండకి కూడా లేదు, కుండ అడుగున మాడిన గింజ అంటుకుని ఉంటే ఆ గింజకి ఉంది. టీవీలో ప్రతివాడూ విగ్రహం కనబడగానే కార్బన్ డేటింగ్ చేయిస్తాం అంటాడు, వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఆ ఫోటో తీసెయ్. వినాయకుడికి దండం పెట్టుకో, వయసు అడగకు.

(ఇనుములో ఒక తమాషా ఉంది, వీలైతే చెప్పు. పాతకాలం ఉక్కులో ఉండే కార్బన్ కట్టె బొగ్గు నుంచి వచ్చిందే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవాళ్ళు, ప్రపంచమంతా పేరున్న ఉక్కు. అలాంటి ఉక్కులోంచి కార్బన్ బయటికి తీసి వయసు కట్టొచ్చు. జడ్జి ఎవరైనా "లోహానికి అస్సలు కుదరదా" అని గుచ్చితే ఇది పనికొస్తుంది, కానీ చార్టులో పెట్టకు, గందరగోళం.)

ఇప్పుడు అసలు ఇది ఎలా పనిచేస్తుందో నువ్వు మీ చిన్నమ్మమ్మకి చెప్పినట్టు చెప్పాలి, ఆవిడకి అర్థమైతే జడ్జిలకీ అర్థమైనట్టే. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు వచ్చి పైన గాలి పొరల్లో కొట్టుకుంటూ ఉంటాయి, ఆ దెబ్బకి న్యూట్రాన్లు చెల్లాచెదురవుతాయి. ఒక న్యూట్రాన్ పోయి నైట్రోజన్ పరమాణువులో దూరితే దాంట్లోంచి ఒక ప్రోటాన్ బయటపడుతుంది, దాంతో నైట్రోజన్ కాస్తా కార్బన్ అయిపోతుంది, మామూలు కార్బన్ కాదు, బరువు ఎక్కువున్న కార్బన్-14. అది ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లో కలుస్తుంది. చెట్టు ఆ గాలి తీసుకుంటుంది, ఆవు ఆ ఆకు తింటుంది, నువ్వు ఆ పాలు తాగుతావు (తాగవని మీ అమ్మ చెప్పింది, తాగు). అలా బతికున్న ప్రతిదాని ఒంట్లోనూ గాల్లో ఉన్న పాళ్ళలోనే కార్బన్-14 ఉంటుంది. ఆ పాళ్ళు ఎంతనుకున్నావ్, దాదాపు లక్ష కోట్ల కార్బన్ పరమాణువుల్లో ఒక్కటి. లక్ష కోట్లు అంటే బడ్జెట్ వార్తల్లో తప్ప మనకి పనికొచ్చే అంకె కాదు, ఇక్కడ పనికొచ్చింది.

ఆ ఒక్కటి కుదురుగా ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి తోసేసి మళ్ళీ నైట్రోజన్ అయిపోతుంది, పుట్టింటికి పోయినట్టు. బతికున్నంత కాలం పోయేది పోతూ ఉంటుంది, తిండితో కొత్తది వస్తూ ఉంటుంది, లెక్క సరిపోతుంది. చచ్చిన రోజు నుంచి రావడం బంద్, పోవడమే. 5730 ఏళ్ళకి సగం మిగులుతుంది, ఇంకో 5730 ఏళ్ళకి సగంలో సగం. మీ పుస్తకంలో హాఫ్ లైఫ్ అనీ అర్ధజీవితకాలం అనీ ఉండేది అదే. వేడిచేసినా చల్లబెట్టినా కాల్చినా ఆ వేగం మారదు, అందుకే బొగ్గైనా పనికొస్తుంది. చచ్చినదాంట్లో ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది.

అమెరికాలో కామెన్, రూబెన్ అని ఇద్దరు కుర్రాళ్ళు 1940లో ఈ కార్బన్-14ని కనిపెట్టారు. దాన్ని గడియారంగా వాడొచ్చని షికాగోలో విల్లార్డ్ లిబ్బీ అనే ఆయన చేసి చూపించాడు, 1949లో మొదటి వయసులు అచ్చయ్యాయి, 1960లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. నాకు ఆయనలో నచ్చేది నోబెల్ కాదు. ఈజిప్టు రాజు జోసెర్ సమాధిలోంచి వచ్చిన చెక్క లాంటివి, అంటే వయసు ముందే తెలిసినవి, తెచ్చి తన గడియారం సరిగ్గా తిరుగుతుందో లేదో ముందు చూసుకున్నాడు. శాంపిల్‌ని మసి చేసి, అచ్చం మన కాటుకలాగే అనుకో, రేడియోధార్మికతని పట్టే కౌంటర్ గొట్టం లోపలి గోడకి పూసి, ఒక్కో కార్బన్-14 నైట్రోజన్ అయిపోయినప్పుడు వచ్చే టిక్ టిక్‌లు లెక్కపెట్టేవాడు. కొత్త కార్బన్ ఒక గ్రాము తీసుకుంటే నిమిషానికి 13, 14 టిక్కులు. 5730 ఏళ్ళ నాటిదైతే దాంట్లో సగం, ఆరో ఏడో. 50 వేల ఏళ్ళు దాటితే ఇక వినబడనంత, అందుకే డైనోసార్ బొమ్మ కూడా పెట్టకు, అవి ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటే పోయాయి.

"అయ్యో రేడియోధార్మికత, పిల్లలతో ఏంటిది" అని ఎవరైనా ఆంటీ భయపడితే చెప్పు, పెద్దవాళ్ళ ఒంట్లో ఉన్న కార్బన్-14 ఒక్కటే సెకనుకి మూడు వేల పైన టిక్కులు కొడుతూ ఉంటుంది ఆంటీ, మీ ఒంట్లో కూడా, అని. నవ్వుతూ చెప్పు.

మోడల్ కింద మీ అమ్మ చెప్పిన నాణేల ఎగరేత బాగానే ఉంది కానీ చింతపిక్కలతో చెయ్యి. అష్టాచెమ్మాకి మీ అమ్మమ్మ గచ్చు మీద ఒక పక్క అరగదీసేది చూడు, అలా ఒక వైపు తెల్లగా, ఒక వైపు నల్లగా. వంద పిక్కలు గిన్నెలో వేసి కుదిపి కింద కుమ్మరించు. తెల్లగా పడ్డవన్నీ నైట్రోజన్ అయిపోయినట్టు, తీసి పక్కన పెట్టు. నల్లవి మళ్ళీ వెయ్యి. ప్రతి వేతకీ 5730 ఏళ్ళు. మిగిలినవి రాసి గ్రాఫ్ గియ్యి, జారుడుబల్లలా దిగి చివర్లో సాగిపోతూ ఉంటుంది. ఏ పిక్క ఎప్పుడు తెల్లగా పడుతుందో దేవుడికి కూడా తెలీదు, వందలో సుమారు సగం పడతాయని మాత్రం నీకు తెలుసు, ఈ ఒక్క మాట అర్థమైతే మొత్తం అర్థమైనట్టే. అయితే ముందు ఒక పని చెయ్యి, ఆ వంద పిక్కల్నీ పది సార్లు ఊరికే వేసి నిజంగా సగం సగం పడుతున్నాయా చూడు, అరగదీసిన తీరుని బట్టి ఒక పక్కకి మొగ్గొచ్చు. లిబ్బీ ఈజిప్టు చెక్కతో చేసింది ఇదే. గవ్వలతో మాత్రం వద్దు, గవ్వ సగం సగం పడదు. పైగా గవ్వ సముద్రంలోది, సముద్రం నీళ్ళలో కార్బన్ పాతబడి ఉంటుంది కాబట్టి గవ్వ దాని అసలు వయసు కన్నా దాదాపు 400 ఏళ్ళు ముసలిదిగా కనబడుతుంది, అది ఇంకో కథ.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది రాస్తా. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

1979. నాకు 23. శ్రీశైలం డ్యామ్ నీళ్ళు వస్తే కృష్ణ ఒడ్డున ఊళ్ళకి ఊళ్ళు మునిగిపోతాయని గుళ్ళని రాయి రాయి విప్పి ఎత్తు మీదికి తరలిస్తున్న రోజులవి, ఇంకో పక్క నీళ్ళొచ్చేలోపు ఎంత తవ్వగలిగితే అంత అని తవ్వకాలు. నేను ఒక గుంటకి కాపలా, ఊరి పేరు రాయను. తెల్లారి ఆరింటికి దిగితే ఎండ నెత్తికెక్కేదాకా తట్టలు మోయించడం, జల్లెడ పట్టించడం. ఒకరోజు మీటరున్నర లోతులో పొయ్యి బయటపడింది. మూడు రాళ్ళు, మధ్యలో ఎర్రగా కాలిన మట్టి, దాని నిండా బొగ్గు. ఎంత బొగ్గనుకున్నావ్, చిటికెన వేలంత ముక్కలు. మా సారు గుంటలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రేపు పొద్దున్నే తీద్దాం, ఎవర్నీ ముట్టనివ్వకు" అని నాకు అప్పజెప్పి వెళ్ళారు.

ఆ రాత్రి గుంట అంచున చెదలు. ఒక పక్క గోడలోంచి వరస కట్టి పొయ్యి వైపు వస్తున్నాయి. నాకు భయం వేసింది, పొద్దున సారు వచ్చేసరికి పొయ్యి రూపం చెడగొడతాయేమో అని. జీపు డ్రైవర్ దగ్గర వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఉంటే తీసుకుని, లాంతరు కోసం పెట్టుకున్న కిరసనాయిలులో కలిపి, మన ఇళ్ళల్లో దూలాలకి చెదల మందులా పూస్తారు చూడు, అలాగే గుంట అంచు చుట్టూ పోశా. అంచు చుట్టూనే పోశాననుకున్నా. పొద్దున చూస్తే వాలు ఉన్న వైపు నుంచి జారి పొయ్యిలోకి దిగింది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది కదా. చెప్పలేదు. సారు వచ్చేలోపే నా చేత్తోనే ఆ బొగ్గంతా ఏరి, రేకు మీద పరిచి, రెండు రోజులు ఎండలో పెట్టా, "తేమ పోవాలి సార్" అని చెప్పి. వాసన తగ్గింది. నలుపు మీద నలుపు ఎవరికి కనబడుతుంది. అప్పట్లో ల్యాబ్‌లకి బొగ్గు గ్రాముల లెక్కన కావాలి, ఇప్పుడులా మిల్లీగ్రాము చాలదు, అందుకని మొత్తం కట్టి పంపించాం. దాంతో పాటు ఒక ఫారం. ఎక్కడ దొరికింది, ఎంత లోతు, ఏ పొర, చెట్ల వేర్లు ఏమైనా ఉన్నాయా, ఇలా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఆఖరు గడి, శాంపిల్‌కి బయటిదేమైనా తగిలిందా. ఫారం నింపింది నేనే, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సారు నాకే ఇచ్చేవారు. ఆ గడిలో "లేదు" అని రాశా. రెండక్షరాలు.

నువ్వు సైన్స్ పిల్లవి కాబట్టి ఇక్కడ ఆగి ఆలోచించు, ఏమై ఉంటుందో. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజిన్ ఆయిలు అన్నీ కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన వాటి నుంచి వచ్చినవి, వాటిలో కార్బన్ నిండా ఉంది కానీ కార్బన్-14 ఒక్కటి మిగల్లేదు. బొగ్గు పీల్చడంలో మహా గట్టిది, నీళ్ళ ఫిల్టర్‌లో పెట్టేది అందుకే. ల్యాబ్‌లో శాంపిల్‌ని ఊరికే కొలవరు, ముందు యాసిడ్‌లో కడుగుతారు సున్నం లాంటిది పోవడానికి, తర్వాత క్షారంలో కడుగుతారు మట్టిలోంచి పట్టిన రసాలు పోవడానికి, మళ్ళీ యాసిడ్. నూనె ఆ కడుగుడుకి పోదమ్మా. నూనె తగిలిందని వాళ్ళకి తెలిస్తే నూనెని లాగేసే ద్రావకాలతో విడిగా కడిగేవాళ్ళు. తెలిస్తే కదా.

ఏడాది తర్వాత జవాబొచ్చింది, 5300 ఏళ్ళు. ఆఫీసులో పండగ. ఎందుకంటే అప్పటికి మన వైపు పశువుల కాపరుల ఊళ్ళలో పేరున్నది ఉట్నూరు (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాలమూరు వైపు ఉట్నూరు), 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు దొర తవ్వి అక్కడి బూడిద దిబ్బ అంతా కాలిన పశువుల పేడ అని, అది మందల దొడ్డి అని తేల్చాడు, బూడిదలో పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి, దాని వయసు నాలుగు వేల ఏళ్ళ పైచిలుకు. మాది దాన్ని కూడా దాటేసిందని మా సారు రాత్రింబవళ్ళు కూర్చుని పెద్ద వ్యాసం రాశారు. టైపు చేయించింది నేను. అప్పుడూ చెప్పలేదు. పోయి పోయి సారు ముఖంలో ఆ వెలుగు చూశాక ఎలా చెప్పను.

తర్వాత పక్క గుంటలో, అదే పొరలో, కుండ అడుగున మాడిన ఉలవలు దొరికితే అవీ పంపారు. 3500 వచ్చింది. పొయ్యి 5300, అదే పొరలో ఉన్న ఉలవలు 3500, ఏమిటిది? మీటింగులో ఒకాయన లేచి అదే అడిగాడు. సారు "పాత కట్టె అయి ఉంటుంది" అన్నారు, ఎవరూ నమ్మలేదు, ఆయన కూడా. రిపోర్టులో ఆ తేదీ పక్కన "నమ్మదగినది కాదు" అని ఒక లైను, అంతే. మళ్ళీ శాంపిల్ తెద్దామంటే గుంట లేదు. నీళ్ళొచ్చేశాయి. వేసవిలో నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, నిన్ను తీసుకెళ్ళాను గుర్తుందా, నువ్వు ఐస్ కోసం ఏడ్చావు, నేను అవతలి ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డా. మా గుంట అలా బయటపడదు, ఒండ్రు కప్పేసింది.

సారు రిటైరైన చాలా ఏళ్ళకి ఇంటికెళ్ళి చెప్పా. తిడతారనుకున్నా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని "ఎంత పోశావు" అని అడిగారు. ఒక సీసా ఉంటుందేమో సార్ అన్నా. పక్కనున్న పెళ్ళికార్డు వెనక్కి తిప్పి పెన్సిలుతో లెక్క వేశారు. శాంపిల్‌లో నూటికి ఒక పాలు ఇలాంటి చచ్చిన కార్బన్ కలిస్తే వయసు 80 ఏళ్ళు పెరుగుతుంది, పది పాళ్ళు కలిస్తే 850 ఏళ్ళు. ఇరవై పాళ్ళు అని వేసి చూస్తే దగ్గర దగ్గర 1800. 5300లోంచి 1800 తీస్తే 3500. ఉలవల వయసు! ఆయన ఆ అంకె చుట్టూ రెండు సార్లు గీత గీసి, కార్డు మడిచి జేబులో పెట్టుకుని "కాఫీ తాగి వెళ్ళు" అన్నారు. ఆ తర్వాత నేను ఆయన్ని చూడటం ఆసుపత్రిలోనే.

అందుకే చిన్నీ, నువ్వు బల్ల మీద పెట్టే ప్రతి వస్తువు పక్కన ఒక ఫారం పెట్టు. నిజం శాంపిల్ కాకపోయినా సరే. ఎక్కడిది, ఎవరు తీశారు, దేంతో తీశారు, దేంట్లో చుట్టారు (అల్యూమినియం ఫాయిల్ మంచిది, న్యూస్ పేపర్ వద్దు, దూది అసలు వద్దు, అవి కూడా కార్బనే), ఏమేం తగిలాయి. ఆఖరు గడి ఖాళీగా వదలకు. ఊరికే "లేదు" అని కూడా రాయకు. చెమట తగిలితే చెమట అని, పసుపు తగిలితే పసుపు అని రాయి. ఇదొక్కటి చేస్తే ప్రైజు రాకపోయినా నాకు చాలు, వస్తే ఇంకా సంతోషం, అబద్ధమెందుకు.

కొత్త కార్బన్ తగిలినా తప్పే సుమా, అప్పుడు వయసు తగ్గిపోతుంది. కార్బన్-14 మొత్తం అయిపోయిన అతి పాత శాంపిల్‌కి నూటికి ఒక్క పాలు ఇవాళ్టి కార్బన్ కలిస్తే 37 వేల ఏళ్ళదిగా కనబడుతుంది. మా వాళ్ళు గుంటలో బీడీ తాగితే అందుకే తిట్టేవాణ్ణి. నేను ఇంజిన్ ఆయిల్ పోసినవాణ్ణి, బీడీకి తిట్టేవాణ్ణి.

ఇక మన పాత ఇంటి దూలం ముక్క పెట్టి "150 ఏళ్ళు" అని రాస్తావంట. పెట్టు, కానీ కింద రాసేది మార్చు. మొదటిది, 1950కి ముందు మూడు వందల ఏళ్ళలోది దేన్నైనా ఈ పద్ధతి సరిగ్గా చెప్పలేదు, ఆ కాలంలో గాల్లో కార్బన్-14 ఎత్తుపల్లాల వల్ల ఒకే కొలతకి నాలుగైదు జవాబులొస్తాయి. రెండోది, చెట్టులో చేవ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, ప్రాణం బెరడు పక్కనే. పెద్ద టేకు దూలం నడిమధ్య ముక్క కొలిస్తే చెట్టు చిన్నప్పటి వయసు చెప్తుంది, కొట్టేసిన రోజుది కాదు. మూడోది, ఆ దూలం మన ఇంటికి ఇంకో కూలిపోయిన ఇంట్లోంచి వచ్చింది, మా నాన్న ఎడ్లబండి మీద తెచ్చాడు. కాబట్టి దూలం చెప్పేది చెట్టు సంగతి, ఇంటి సంగతి కాదు. మా సారు "పాత కట్టె" అని తప్పించుకోబోయింది ఇలాంటిదే, నిజంగా జరుగుతుంది కూడా, అందుకే ఉలవలు, వడ్లు లాంటి ఏడాది పంట గింజలు బొగ్గు కన్నా నమ్మకం.

జడ్జిలు అడిగేవి త్వరగా చెప్తా, నాకు కళ్ళు లాగుతున్నాయి. ఇంటర్నెట్‌లో హాఫ్ లైఫ్ రెండు రకాలుగా కనబడుతుంది, 5568, 5730. గాబరా పడకు. మొదటిది లిబ్బీ నాటి లెక్క, తర్వాత సరిగ్గా కొలిస్తే 5730 అని తేలింది, కానీ అప్పటికే బోలెడు తేదీలు అచ్చయిపోయాయని ల్యాబ్‌లు ఇప్పటికీ రిపోర్టు పాత లెక్కలోనే ఇస్తాయి, సర్దుబాటు తర్వాత చేస్తారు. ఆ సర్దుబాటు పేరు కేలిబ్రేషన్. గాల్లో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు కాబట్టి చెట్ల వలయాలు ఒక్కో ఏడాదివి లెక్కపెట్టి, ఒక్కో వలయాన్ని కొలిచి, చెట్లు అందని పాతకాలానికి వేరే ఆధారాలు కలిపి పట్టిక కట్టారు, ఇప్పుడు వాడేది ఇంట్‌కాల్20, 55 వేల ఏళ్ళ దాకా ఉంది. "ఇన్నేళ్ళ కిందట" అంటే ఇవాళ్టి నుంచి కాదు, 1950 నుంచి వెనక్కి. 1950 తర్వాత అణుబాంబు పరీక్షలతో గాల్లో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది, గాల్లో అలాంటి పరీక్షలు మానాలని 1963లో ఒప్పందం అయ్యాక మెల్లగా దిగుతూ వచ్చింది. ఇంకో పక్క బొగ్గు, పెట్రోలు మండించి చచ్చిన కార్బన్ గాల్లోకి వదులుతున్నాం, హైవే పక్కన మొక్క ఆ పొగ పీల్చి ఉన్న వయసు కన్నా ముసలిదిగా కనబడుతుంది. నా పొయ్యి లాగానే.

మన దేశంలో ఎక్కడ చేస్తారు అంటే, మొదట బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మొదలై అది తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీకి వెళ్ళింది, లక్నోలో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో కొత్త రకం యంత్రం ఉంది. ఆ కొత్త రకం టిక్కుల కోసం కూర్చోదు, పరమాణువుల్నే ఒక్కొక్కటిగా ఏరి లెక్కపెడుతుంది, మిల్లీగ్రాము చాలు, గింజ చాలు.

ఏ అంకె రాసినా పక్కన ప్లస్ ఆర్ మైనస్ రాయి. 3500 కాదు, 3500 ప్లస్ ఆర్ మైనస్ 100 అనేలాగా. అది లేకుండా రాస్తే నేనే లేచి వెళ్ళిపోతా, జడ్జి సంగతి తర్వాత. నేను వస్తున్నా ఆ రోజుకి, మీ అమ్మకి ఇంకా చెప్పలేదు, నువ్వే మెల్లగా చెప్పు, మోకాళ్ళ నొప్పులతో బస్సులో ఎందుకు అని గోల చేస్తుంది. గ్యాస్ పొయ్యి మీద బొగ్గు కాల్చే ప్రయోగాలు పెట్టుకోకు, అమ్మ లేనప్పుడు అసలు వద్దు.

చింతపిక్కలు అరగదీసి బస్సు కార్గోలో వేశా, చిన్నమ్మమ్మ కూడా సాయం పట్టింది, తిట్టుకుంటూనే. వందకి పైన ఇంకో పది వేశా, దారిలో పగిలితే ఉంటాయని. వచ్చాక లెక్కపెట్టుకో, నేను రెండు సార్లు లెక్కపెట్టా, ఒకసారి 110 వచ్చింది, ఇంకోసారి 109.

మీ
చిన్నతాత